అమ్మ కాబ్లర్‌కి పట్టే సమయం

మా ఇంట్లో పీచ్ కాబ్లర్, అంటే పీచ్ పండ్లూ పిండీ వేసి ఓవెన్లో కాల్చే తీపి వంటకం, చేయడమంటే ఒక పూట పని. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అంతే. శనివారం పొద్దున్నే అమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడి, “పిండి దగ్గర గాలి కదలకూడదు, అడుగుల చప్పుడు వినపడకూడదు. ఈ నలుగుర్నీ తీసుకుని ఎటైనా పో” అనేది నాన్నతో. నాన్న మమ్మల్ని ట్రక్కులో ఎక్కించుకుని ఫ్లింట్ నది ఒడ్డుకు తీసుకెళ్లేవాడు. మేం నలుగురం చేపలు పట్టడం నేర్చుకున్నది ఆ కాబ్లర్ పుణ్యానే. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి బల్ల మీద పళ్లెం పొగలు కక్కుతూ ఉండేది. పక్కన అమ్మ నుదురు తుడుచుకుంటూ ఉండేది.

మొన్న జూన్‌లో అమ్మ కర్టెన్లు తగిలిస్తూ స్టూలు మీదినుంచి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ వచ్చే ఆదివారమే చర్చి ఆవరణలో ఏటేటా జరిగే విందు. శుక్రవారం మా చర్చికే వచ్చే ఎర్నెస్టీన్ ఫోన్ చేసింది. వంటల విషయంలో అమ్మకూ ఆవిడకూ ముప్పై ఏళ్లుగా పడదు.

“పాపం, నువ్వు విశ్రాంతి తీసుకో వెల్డా. ఈసారికి కాబ్లర్ నేను తెస్తాలే” అంది, గొంతులో తేనె పోసుకుని.

అమ్మ ఫోన్ పెట్టేసి, “ఆవిడ కాబ్లర్లో గుచ్చితే చెంచా వంగిపోతుంది” అని గొణిగి, నాన్న వైపు చూసింది. నాన్న ఇరవై ఎనిమిదేళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. వంటింట్లో ఆయనకు తెలిసింది కాఫీ గిన్నె ఒక్కటే.

“హాలిస్, రేపు పొద్దున్న నీకేం పనుంది?”

“ఎందుకు? నేనేం చేశాను?” అన్నాడు నాన్న భయంగా.

శనివారం నేను సాయానికి వెళ్లాను. నాన్న చొక్కా చేతులు మడిచి, ఏప్రన్ కట్టుకుని, చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మధ్యాహ్నం దాకా ఎవరూ రావద్దని స్నేహితులకు కబురు కూడా పంపాడట. అమ్మ నన్ను చూసి కాసేపు ఆలోచించింది.

“సరే లొరీన్, ఉండు. ఇక్కడ చూసింది బయట చెప్పావంటే మాత్రం ఊరుకోను.”

నేను పీచ్‌లు తొక్క తీసి ముక్కలు కోశాను. అమ్మ కుర్చీలోంచి ఆజ్ఞలు మొదలుపెట్టింది.

“వెన్న పళ్లెంలో వేసి ఓవెన్లో పెట్టు, కరుగుతుంది. ఈలోగా గిన్నెలో కప్పు పిండి, కప్పు చక్కెర, కప్పు పాలు. రెండు చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. ఉండల్లేకుండా కలుపు.”

“కలిపా. తర్వాత?”

“ఆ వెన్న మీద పొయ్. ఇక కలపకు.”

“తర్వాత?”

“పండ్ల ముక్కలు పైన సర్దు. కలపకు. పిండే పొంగి పైకొస్తుంది.”

“తర్వాత?”

“తర్వాతేముంది? ఓవెన్లో పెట్టి గంటసేపు కూచో.”

నాన్న గడియారం చూశాడు. మొదలుపెట్టి ఇరవై నిమిషాలు కూడా కాలేదు.

“మరి గాలి సంగతి?”

అమ్మ కిటికీ బయటికి చూసింది. “గాలికేం? బాగానే ఉంది.”

“వెల్డా! మిగతా పొద్దంతా ఏం చేసేదానివి?”

“స్నానం” అంది అమ్మ. “నలుగురు పిల్లల తల్లిని. ఎవరూ తలుపు బాదని స్నానం. తర్వాత కాళ్లు బల్ల మీద పెట్టుకుని డిటెక్టివ్ నవల. ఒక్కోసారి కునుకు.”

“నేనక్కడ దోమల చేత కుట్టించుకుంటూ ఉంటే! మన క్లైడ్ గాడు నా చెవికే గాలం తగిలించాడు, గుర్తుందా?”

“నీకు చేపలు పట్టడం ఇష్టమేగా.”

“ఇష్టమే, మహాతల్లీ! వీళ్లు లేకుండా!”

ఆ ఆవేశంలో ఆయన చేతిలో ఉన్న చెంచా పళ్లెంలోకి దిగి గిరగిరా తిరిగింది. “కలపకన్నానా!” అని అమ్మ అరిచేసరికే అంతా ఒక్కటైపోయింది. గంట తర్వాత బయటికొచ్చింది బస్సు సీటులా అణిగిపోయి ఉంది. నాన్న ఒక ముక్క నమిలి, నమిలి, చివరికి కాఫీతో మింగాడు.

తాజా పీచ్‌లు అయిపోయాయి. నాన్న అలమారలోంచి రెండు డబ్బాల పీచ్‌లు తీశాడు. అమ్మ మొహం పాలిపోయింది.

“డబ్బావా? ఎర్నెస్టీన్‌కి తెలిస్తే?”

“ఎవరు చెప్తారు? నేనా?” అన్నాడు నాన్న. ఆ పొద్దుటి నుంచీ మొదటిసారి హుషారుగా కనిపించాడు.

ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని ఓవెన్ ముందు కాపలా కాశాడు. పిండి ముక్కల్ని దాటుకుని పొంగి, అంచులు బంగారు రంగుకు తిరుగుతుంటే ఓవెన్ అద్దం దగ్గరికి వంగి చూశాడు. “పైకొస్తోందే! దానంతటదే వస్తోందే!” అని నన్ను భుజం పట్టి ఊపేశాడు.

ఆదివారం విందులో ఎర్నెస్టీన్ మా కాబ్లర్‌ని అందరికంటే ముందు వడ్డించుకుంది. కళ్లు మూసుకుని తింది. “ఇవి చెట్టు మీదే పండినవి, నిన్న కోసినవి. నా నాలుక అబద్ధం చెప్పదు” అంది. అమ్మకు తాగుతున్న నీళ్లు పొలమారాయి.

“ఎంతసేపు పట్టింది హాలిస్?” అని అడిగింది ఎర్నెస్టీన్.

అమ్మ చెంచా గాల్లోనే ఆగింది. నాన్న అమ్మను చూశాడు. ఆయన కక్ష తీర్చుకోవాలంటే ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

“పొద్దంతా పట్టిందమ్మా. ఇంట్లో గాలి కదలకూడదు కదా” అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్లు గంభీరంగా తలలూపారు. “నాకైతే ఐదు గంటలు పడుతుంది” అంది ఎర్నెస్టీన్.

ఇంటికి వెళ్తూ నాన్న ట్రక్కు వేగం తగ్గించి అన్నాడు.

“ఆ బల్ల దగ్గర తొమ్మిదిమంది ఆడవాళ్లున్నారు. ఒక్కరైనా ‘నిజమా’ అనలేదేం?”

“పదిమంది” అంది అమ్మ. “లొరీన్‌ని లెక్కపెట్టలేదు నువ్వు.”

నాన్న అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను కిటికీ అద్దం దించుకుని పొలాల వైపు చూస్తూ కూచున్నాను. మా ఇంట్లో నిమ్మకాయ కేకుకి మూడు గంటలు పడుతుందని మా ఆయన డెల్‌రాయ్ ఇప్పటికీ నమ్ముతాడు.