సబ్బు తాగిన రోలు

నాకు అసహ్యం కొంచెం ఎక్కువ. కొంచెం అన్నది నా మాట. మా ఆయన్ని అడిగితే ఇంకోలా చెబుతాడు. ఆయన చెమట తువ్వాలు కుర్చీ మీద వేస్తే ఆ కుర్చీని రెండు రోజులు ముట్టుకోను. బస్సులో పక్కసీటు మనిషి నోరు తెరిచి ఆవలిస్తే ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. ఎవరైనా వేలు నాలుకకి తాకించి పుస్తకం పేజీ తిప్పారంటే ఆ పుస్తకంతో నాకు సంబంధం తెగిపోయినట్టే. ఇంట్లో నాకు పెట్టిన పేరు ‘ముక్కు’. పాలు విరిగాయేమో, కూర పాచిపోయిందేమో అని ఎవరికి అనుమానం వచ్చినా “ముక్కుని పిలవండి” అంటారు. నేను వాసన చూసి అవునంటే అవును, కాదంటే కాదు. నా మాట మీద అప్పీలు లేదు. జరిగిన అనర్థమంతా ఆ అప్పీలు లేకపోవడం వల్లే జరిగింది.

మా అత్తయ్యకి ఒక రాతి రోలు ఉంది. రెండు చేతులతో ఎత్తగలిగేంత చిన్నది. దానికో పొట్టి రాతి రోకలి. నేను ఈ ఇంటికి వచ్చి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో ఆ రోలు మీద ఒక్క చుక్క సబ్బునీళ్లు పడగా చూడలేదు. దంచడం అవగానే అత్తయ్య గుప్పెడు రాళ్లుప్పు వేసి రోకలితో గరగరా రుద్దుతుంది, ఆ ఉప్పు దులిపేస్తుంది, ఉఫ్‌మని నోటితో ఊదుతుంది, పొడిగుడ్డతో ఒక్కసారి తుడుస్తుంది. అంతే, రోలు శుభ్రం అయిపోయినట్టు. ఇక ఆ గుడ్డ గురించి చెప్పకపోవడమే మంచిది. దాని అసలు రంగేమిటో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

“సబ్బు పెడితే రాయి తాగేస్తుందమ్మా. తాగిందంటే ఒక పట్టాన వదలదు,” అనేది అత్తయ్య, నేను మొహం చిట్లించినప్పుడల్లా.

బద్ధకానికి భలే పేరు పెట్టింది అనుకునేదాన్ని. రోలు లోపలి గుంటల్లో నల్లటి జిడ్డు పేరుకుని ఉండేది. దానికి అంటుకుని ఎప్పటిదో వెల్లుల్లి పొర, చితికిన మిరియం తొక్క. ఒకసారి పుల్లతో గీరి చూశాను. తారులాంటిది మెత్తగా పుల్లకి చుట్టుకుంది. రోజూ నేను తింటున్నది ఇందులోంచి వచ్చిందే కదా అని ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

ఇంతా చేసి ఆ రోట్లో దంచే మసాలా మాత్రం, ఒప్పుకోవడానికి నాకే ఒళ్లు మంట, అద్భుతంగా ఉండేది. వీధి చివరి హోటల్ వంటమాస్టారు వారానికొక డబ్బా పట్టుకెళ్లేవాడు. అత్తయ్యకి కొలతలు లేవు. నాలుక మీద వేసుకుని చూడడం కూడా లేదు. ఆవిడదంతా ముక్కే. ధనియాలు వేగుతుంటే పక్కగదిలోంచి “ఇక దించెయ్యి” అనేది. దించితే సరిగ్గా అప్పుడే దించాల్సి ఉండేది. జీలకర్ర, మిరియాలు దంచి, చివర్లో వెల్లుల్లి వేసి, రోట్లోకి తల వంచి ఒక్కసారి గాలి పీల్చి “అయింది” అనేది. ఇంట్లో టీవీలో ఏం పెట్టాలన్నా, కిటికీ ఎప్పుడు మూయాలన్నా ఆవిడ మాట వినేవాళ్లు లేరు. ఆ ‘అయింది’ అన్న ఒక్క మాటే చెల్లేది. డెబ్బైకి దగ్గరపడిన మనిషికి అది చిన్న విషయమేం కాదు.

ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఒక ఉదయం అత్తయ్య రోలు ముందు కూర్చుంది. రోలు అడుగున బొద్దింక కాలు ఒకటి కనిపించింది. ముళ్లు ముళ్లుగా, గోధుమరంగులో, ఒకే ఒక్క కాలు. అత్తయ్య దాన్ని చిటికెన వేలి గోటితో అవతలికి ఎగరేసి, అదే చేత్తో వెల్లుల్లి రెబ్బలు వేసి దంచడం మొదలుపెట్టింది.

“అత్తయ్యా, బొద్దింక,” అన్నాను.

“బొద్దింక ఎక్కడమ్మా, ఒట్టి కాలే కదా,” అంది.

మిగతా బొద్దింక ఎక్కడుందో నా కడుపు అప్పటికే ఊహించుకుంది. స్నానాల గదిలోకి పరుగెత్తి పొద్దుటి కాఫీ మొత్తం కక్కేశాను. ఆవిడ వెనకే వచ్చి అదే చేత్తో నా వీపు రాసింది. వెల్లుల్లి జిగురు నా జాకెట్టుకి అంటుకుంది. మళ్లీ కక్కాను.

మర్నాడు మా ఆయన ఆవిడని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. గుమ్మం దాటారో లేదో నేను రోలునీ రోకలినీ సింకులోకి ఎత్తాను. గిన్నెలు తోమే నిమ్మకాయ సబ్బునీళ్లు సగం సీసా వంపాను. మరిగే నీళ్లు పోశాను. ఇనప పీచుతో మోచేతులు పడిపోయేదాకా తోమాను. నురగ ముందు బూడిదరంగు, తర్వాత మట్టిరంగు, తర్వాత పేరులేని రంగు. ముక్కు మూసుకుని, వాంతి ఆపుకుని, అంత సంతోషం ఈ మధ్య ఎరగను. నురగతోనే రోలు నింపి రెండు గంటలు నానబెట్టాను. చివరికి కడిగి ఎండలో ఆరబెట్టి, ఆవిడకి తెలియకూడదని కాస్త మిరియాల పొడి లోపల రాసి, యథాస్థానంలో పెట్టేశాను.

ఆ సాయంత్రం అత్తయ్య వెల్లుల్లి దంచి, అలవాటుగా తల వంచింది. ‘అయింది’ అనలేదు. మళ్లీ వంచింది.

“సబ్బు వాసన వస్తోందేమిటి? రోలు ఏమైనా కడిగావా?”

“నేనా? దాన్ని నేను ముట్టుకోవడమా?” అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. నమ్మని మనిషి ఉండడు. ఆ రోలంటే నాకెంత రోతో ఇంట్లోనే కాదు, హోటల్‌దాకా తెలుసు.

“అయితే ఒకసారి చూడు,” అని రోలు నా వైపు జరిపింది. వంగాను. ఘాటు వెల్లుల్లి, దాని కింద నిమ్మకాయ సబ్బు. రాయి నిజంగానే తాగేసింది. అంట్లగిన్నెలో మొహం పెట్టినట్టయింది.

“ఏమీ లేదే,” అన్నాను.

మా ఆయన్ని అడిగి లాభం లేదు. ఆయనకి సైనసు. పాడైపోయిన చేప పక్కన కూర్చుని కూడా కబుర్లు చెబుతాడు. “ముక్కు లేదందంటే లేనట్టేనమ్మా,” అన్నాడు పేపరు దించకుండా.

అత్తయ్య ఆ మసాలా పారబోసి మళ్లీ దంచింది. మళ్లీ పారబోసింది. రెండోరోజు ఒట్టి బియ్యం దంచింది. పిండి బూడిదరంగులో వచ్చింది. అది అరచేతిలో వేసుకుని నా ముక్కు కింద పెట్టింది. సబ్బు వాసన గుప్పుమంది.

“బియ్యం వాసనే అత్తయ్యా,” అన్నాను.

ఆవిడ చెయ్యి దులుపుకుంది.

“మా అక్కకీ ఇలాగే మొదలైంది,” అంది. “ముందు లేని వాసనలు వచ్చేవి. తర్వాత ఉన్న వాసనలు పోయాయి. అన్నం మాడి పొగ వస్తున్నా అక్కడే కూర్చునేది. ఇక దాన్ని పొయ్యి దగ్గరికి ఎవరూ రానివ్వలేదు.”

ఆ క్షణంలో చెప్పేసి ఉంటే రెండు మాటలతో పోయేది. చెప్పలేదు. చెబితే ఆరేళ్ల నా శుభ్రం కాస్తా నవ్వులపాలవుతుందని భయం. అంతే, ఇంకే గొప్ప కారణమూ లేదు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి కళ్లు మూసుకుని కూర్చుంది. “ఒక్కొక్కటి నా ముక్కు దగ్గర పెట్టు. పేరు చెప్పకు,” అంది. జీలకర్ర పెట్టాను. “జీలకర్ర. కాస్త పాతది.” లవంగం. “లవంగం.” మెంతులు, ఎండుమిర్చి, అల్లం తొక్క. అన్నీ చెప్పింది. నా వేళ్ల మీదున్న క్రీము వాసన కూడా చెప్పింది. చివర్లో రోకలి పెట్టాను. ఎందుకు పెట్టానో నాకిప్పటికీ తెలియదు.

“సబ్బు,” అంది వెంటనే.

“ఇది రోకలి అత్తయ్యా.”

కళ్లు తెరిచి దాన్ని చూసింది. అన్నిటికీ సరిగ్గా చెప్పిన మనిషి, ఆ ఒక్కటే తప్పని నమ్మి, పరీక్ష పోయినట్టు తల దించుకుంది. నాకు రోత పుట్టింది. ఈసారి బొద్దింకలు లేవు, గుడ్డ లేదు, ఏ జిడ్డూ లేదు. వంటిల్లు అద్దంలా ఉంది. అంతా నేను తుడిచిందే.

ఆ తర్వాతి రోజు వంటమాస్టారు వచ్చాడు. రెండు వారాలుగా డబ్బా అందలేదు. అతన్ని చూస్తే నాకు మామూలుగానే ఒళ్లు జలదరిస్తుంది. చెమటకి అట్టకట్టిన బనీను, గోళ్లలో పసుపు, మాట్లాడుతూ చెవిలో వేలు తిప్పుకోవడం. గుమ్మం దగ్గరే నిలబడి, “ఏంటి పిన్నిగారూ, మమ్మల్ని మర్చిపోయారా? తినేవాళ్లు కూర వదిలేసి వెళ్లిపోతున్నారండి,” అన్నాడు.

అత్తయ్య పొద్దున దంచిన మసాలా డబ్బా తెచ్చింది. ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

“నా ముక్కు పోయిందయ్యా,” అంది. “ప్రతిదాన్లో సబ్బు వాసన వస్తోంది. ఇక నా వల్ల కాదు. దంచడం వరకు దంచుతాను. బాగుందో లేదో మా కోడలు చెబుతుంది. దాని ముక్కు తప్పు చెప్పదు.”

“వయసండి, ఏం చేస్తాం,” అన్నాడు అతను, చెవిలో వేలు తీయకుండానే.

ఆ వేలు చూసి నాకు పుట్టిన రోత కన్నా ఆ మాట విని పుట్టిన రోత ఎక్కువ. అతనికేం తెలుసు పాపం. ఆ మాట అతని నోట్లో పెట్టింది నేను.

అత్తయ్య డబ్బా మూత తీసి నా ముందుకు చాచింది. “చెప్పమ్మా. ఇవ్వమంటావా?”

వాసన చూడాల్సిన అవసరం లేకపోయినా వంగాను. నిమ్మకాయ. ఆ సీసా ఇంకా సింకు పక్కనే ఉంది, మూత మీద పసుపుపచ్చ నిమ్మకాయ బొమ్మతో.

“సబ్బు వాసన వస్తోంది అత్తయ్యా,” అన్నాను. “మొదట్నుంచీ వస్తోంది. మీరు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినరోజు రోలు నేనే సబ్బుతో కడిగాను.”

వంటమాస్టారు చెవిలోంచి వేలు తీసి డబ్బాలోకి వంగి, “అవునండోయ్, గిన్నెలు తోమే సబ్బే,” అన్నాడు. తర్వాత నా మొహం, ఆవిడ మొహం చూసి, హోటల్లో పొయ్యి మీద ఏదో ఉందని చెప్పి చెప్పుల్లో కాళ్లు సరిగ్గా దూర్చకుండానే వెళ్లిపోయాడు.

అత్తయ్య డబ్బా దగ్గరికి తీసుకుని ఇంకోసారి నిండా గాలి పీల్చింది. “సబ్బే,” అంది మెల్లగా. “అయితే నాది బాగానే ఉంది.” కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నాకోసం కాదు. ఆ మసాలా చెత్తబుట్టలో వంపి, రోలు ముందు కూర్చుని, బియ్యం, రాళ్లుప్పు వేసి దంచడం మొదలుపెట్టింది. బూడిదరంగు పిండి పారబోసి మళ్లీ బియ్యం వేసింది. రాయి సబ్బు వదిలేదాకా అలా దంచుతూనే ఉండాలి కాబోలు. నేను దంచుతానంటే తల అడ్డంగా ఊపింది.

ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. ఏదో ఒకటి చెయ్యాలని గ్లాసు మెరిసేలా కడిగి, మంచినీళ్లు తెచ్చి ఆవిడ చేతికిచ్చాను.

మా అత్తయ్య ఎవరి ఎంగిలి గ్లాసులోనైనా తాగేస్తుంది. కింద పడిన బిస్కెట్టు ఊదుకుని తినేస్తుంది. ఆరేళ్లలో దేన్ని చూసీ ఆవిడ మొహం చిట్లించడం నేను చూడలేదు.

ఆ గ్లాసు వైపు ఒకసారి, నా చేతుల వైపు ఒకసారి చూసింది. రోకలి పక్కన పెట్టి లేచింది. సింకు దగ్గరికెళ్లి నీళ్లు పారబోసింది. గ్లాసుని లోపలా బయటా మూడుసార్లు కడిగింది. తానే నీళ్లు పట్టుకుని తాగింది.