ఐదూ ఆరూ కలిపి కుట్టిన పుస్తకం

లైబ్రరీ వెనక గదిలో చిరిగిన పుస్తకాలు కుట్టడం నా పని. ఆ శనివారం పొద్దున లైబ్రేరియన్ మేడమ్ పిలిపిస్తే సూది బల్ల మీద పెట్టి చదివే హాల్లోకి వెళ్లాను.

అక్కడ ముగ్గురు పిల్లలు కూర్చుని ఉన్నారు. పధ్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లు. ఒకతె నా మనవరాలు, అందరూ పిచ్చుక అంటారు. శనివారాలు పిల్లల చేత పుస్తకాలు చదివించే గుంపు తనదే. ఎదురుగా పళ్ల డాక్టరు, పక్కన ఆయన కొడుకు. డాక్టరు చేతిలో ఫిర్యాదు కాగితం.

పిచ్చుక తెప్పించిన జపాను బొమ్మల కథల పుస్తకాలు, మాంగా మీద ఆ ఫిర్యాదు. పిశాచంగా మారిన ఒక అక్క కథ అది. చదివినప్పటి నుంచి డాక్టరు కొడుకు సొంత అక్క గదిలోకి వస్తే చాలు, బయటికి పరిగెడుతున్నాడట. ఆ పిల్ల వడ్డిస్తే ముట్టడం లేదట. పుస్తకాలు తీసేయాలి, గుంపు మూసేయాలి అని రాశారు. చదివిన పిల్లల మాట కూడా విని ఇప్పుడే తేలుస్తానంది మేడమ్. ఏ భాగాలు బాగుచేశానో చెప్పడానికి నన్ను పిలిచారు.

సోడాబుడ్డి కళ్లద్దాల పిల్లాడు మొదలుపెట్టాడు. నెత్తురు చూస్తే తనకేం కాలేదట. మొత్తం నల్లగా వదిలేసిన ఒక పేజీ దగ్గర మాత్రం పుస్తకం మూసి నీళ్లు తాగి వచ్చాడట. పక్కనున్న పొడుగు పిల్ల బొమ్మలు బాగున్నాయంది, కథ సాగదీశారంది, పిశాచాలకు మరీ అన్ని పళ్లేంటంది. అందరూ డాక్టరు వైపు చూశారు. ఆయన నవ్వలేదు.

పిచ్చుక లేచింది. అక్క చెడ్డది కాదంది. ఊరిని తిన్నా, తమ్ముడి గొంతు విని ఆగి, తనంతట తనే బావిలో దిగి మూత వేసుకుందని చెప్పింది.

"అబద్ధం," అన్నాడు డాక్టరు కొడుకు. "బావిలోంచి వచ్చాకే కదా ఊరిని తింది. మారినట్టు నటించింది."

"సరిగ్గా చదవలేదురా నువ్వు."

"రెండుసార్లు చదివాను."

పిచ్చుక చదివింది స్నేహితురాలి సొంత పుస్తకాలు. ఈ పిల్లాడు చదివింది నేను కుట్టినది. 

అట్టలు ఊడిన ఐదో భాగాన్నీ ఆరో భాగాన్నీ ఒకే గట్టి అట్టలో కుట్టింది నేనే. అన్ని పుస్తకాల్లాగే కుట్టు పడే వీపు ఎడమకు పెట్టి, ఐదు పైన, ఆరు కింద పేర్చాను. ఆ పుస్తకాలేమో కుడి నుంచి తెరిచేవి, మన చివరి పేజీ వాటికి మొదటిది. అలా తెరిస్తే ఆరు ముందొస్తుంది.

మేడమ్ తీర్పు రాయడానికి కలం మూత తీసింది. నలభై ఏళ్లలో నా కుట్టు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. కూర్చున్న చోటే ఉండిపోయాను. పిచ్చుక కళ్లు తుడుచుకుంటోంది.

"మేడమ్, తప్పు నాది," అన్నాను.

ఆ పుస్తకం తెప్పించి, అందరి ముందూ దారం తెంపాను. ఐదో భాగం పేజీలు పిల్లాడి ముందు పెట్టాను. తర్వాత ఆరోది. వాడు చదవడం మొదలుపెట్టాడు. డాక్టరు మూడుసార్లు గడియారం చూసుకున్నారు. చివరి పేజీ మీద వాడు చాలాసేపు ఆగాడు.

"ఇప్పుడు ఇంకా భయంగా ఉంది," అన్నాడు.

డాక్టరు కాగితం మేడమ్ ముందుకు తోశారు.

"అక్కంటే కాదు నాన్నా. అక్కకేమవుతుందోనని."

డాక్టరు వాడి వైపు తిరిగారు. మధ్యాహ్నం అక్క వడ్డిస్తే తింటావా అని అడిగారు.

"తింటా. ముందు అక్క తినాలి."

సోడాబుడ్డి పక్కుమన్నాడు. డాక్టరు కాగితం వెనక్కి లాక్కుని, పుస్తకాల గురించీ పిచ్చుక గుంపు గురించీ రాసిన వరుసలు కొట్టేసి, కింద బైండరు అజాగ్రత్త అని రాసి సంతకం పెట్టారు. మేడమ్ నా వైపు చూసి తీసుకుంది.  రాసింది నిజమే.

పేజీలు పోగుచేసుకుని వెనక గదికి వెళ్లాను. పిచ్చుక నా వెనకే వచ్చింది.

"వీపు కుడి పక్కకి, తాతా," అంది.

సూదికి దారం తనే ఎక్కించి ఇచ్చింది.