జెల్ తీయించుకున్న శనివారం

తమ్ముడి పెళ్లి ఫోనులో చూడటమే అయినా ముస్తాబు కావాలనిపించి, డిసెంబరులో రాజ్యశ్రీ గోళ్లకు జెల్ పూత వేయించుకుంది. ఆ తరవాతి వారమే కరోనా లాక్‌డౌన్‌తో ఫ్రాంక్‌ఫర్ట్‌లో సెలూన్లన్నీ మూతపడ్డాయి. మళ్లీ తెరిచేసరికి మార్చి వచ్చింది. అప్పటికి గోళ్లు పెరిగిపోయి, జెల్ అంచులు పైకి లేచి, తల దువ్వుకుంటే వెంట్రుకలు వాటిలో చిక్కుకునేవి. ఇంట్లో పీకేస్తే గోటి పొర కూడా ఊడొస్తుందని భయం. వారం రోజులు ప్రయత్నిస్తే శనివారం పొద్దున ఒక టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది.

సెలూన్లో యాభై ఏళ్లావిడ ప్లాస్టిక్ తెర వెనక కూర్చుని ఉంది. తెర కింది సందులోంచి చేతులు పెట్టాలి. దూదిని మందులో తడిపి వేళ్లకు చుట్టి, జెల్ మెత్తబడేదాకా కూర్చోబెడతారనుకుంది రాజ్యశ్రీ. ఆవిడ దూది జోలికే పోలేదు. గిర్రున తిరిగే మిషన్ తీసుకుని అరగదీయడం మొదలుపెట్టింది.

ఉంగరపు వేలి దగ్గరకొచ్చేసరికి నిప్పు తగిలినట్టయింది. చెయ్యి వెనక్కి లాక్కోబోతే, "కదలకండి" అంది ఆవిడ జర్మన్‌లో. మాస్కు లేకపోతే ముఖం చూసైనా ఆవిడకు తెలిసేదేమో. ఆఫీసులో గంటసేపు మీటింగు జర్మన్‌లోనే నడిపే మనిషికి, నొప్పిగా ఉందన్న రెండు ముక్కలు రాక కాదు. పాపం ఇన్ని నెలలు పని లేకుండా కూర్చున్నావిడ. బయట ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఇంకెంత, నాలుగు వేళ్లేగా. ఇలా ఒక్కో వేలికీ ఒక్కో కారణం చెప్పుకుంటూ పది వేళ్లూ అప్పగించింది. లేచేటప్పుడు "డాంక" అని థాంక్స్ కూడా చెప్పింది.

మధ్యాహ్నం పప్పన్నంలో ఆవకాయ కలపబోయి కెవ్వుమంది. గోళ్లు ఉల్లిపొరల్లా పలచబడి, మధ్యలో ఎర్రటి గీతలు తేలాయి. భర్త కౌశల్ చెంచా తెచ్చిచ్చాడు.

"అంత మండుతుంటే ఆపమనలేకపోయావా?"

"అప్పుడే కదా తెరిచారు, ఏమంటాం?"

పక్కన తింటున్న ఐదేళ్ల కూతురు ఆండాళ్ చెయ్యి చాచి అరచెయ్యి అడ్డం పెట్టింది. "స్టాప్ అనాలి అమ్మా, గట్టిగా! కీటా స్కూల్లో మాకు నేర్పారు. నీకు తెలీదా?"

రాజ్యశ్రీ చెంచా అందుకుంది. కిందటి నెల ఐదేళ్లకు వేసే టీకా వేయించేటప్పుడు, "కిక్కురుమనకూడదు, బంగారం కదూ" అని ఆ పిల్లకి నేర్పింది తనే.

సోమవారం సెలూన్‌కి ఫోన్ చేసింది. ఆవిడే ఎత్తింది. గోళ్లు పలచబడ్డాయని వినగానే, "రండి, పైన కొత్త జెల్ వేస్తాను, ఊరికే" అంది.

"వద్దండీ. నాకు చాలా నొప్పి పుట్టింది. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."



"నానబెట్టి తీస్తే ముప్పావుగంట పడుతుంది. మా ఓనరు మనిషికి ఇరవై నిమిషాలే ఇచ్చాడు," అంది ఆవిడ. "మీరు చెప్పుంటే ఆపేదాన్ని."

నమ్మాలో వద్దో రాజ్యశ్రీకి తెలియలేదు. గోళ్లు గట్టిపడటానికి ఎండాకాలం దాకా పట్టింది. ఆవిడ మీద కోపం మాత్రం ఆ ఫోనుతోనే పోయింది. తన మీద తనకు కలిగిన కోపం అంత తొందరగా పోలేదు.