పీపా ముందు చెప్పులు

“చెప్పులు లేవయ్యా,” అన్నాడు మెత్వల్లీ జడ్జితో.

అల్లా సాక్షిగా నిజమే చెబుతానని ప్రమాణం చేసి రెండు నిమిషాలు కాలేదు.

కైరోలో తోళ్లు పదునుచేసే కార్ఖానాలో అతను కూలి. అక్కడి కొయ్యపీపాలు మనిషికి రెండింతల ఎత్తు, స్విచ్ వేస్తే గిర్రున తిరుగుతాయి. కడగడానికి లోపలికి దిగేవాడు పీపా ముందు చెప్పులు విడుస్తాడు. అవి కనిపిస్తే ఎవరూ స్విచ్ ముట్టరు. అలా దిగిన తోటి కూలి షాఫీని పీపా గిర్రున తిరిగి నలిపి చంపేసింది. స్విచ్ చూసుకునే పని గరీబ్‌ది కనుక కేసు అతని మీద పడింది.

“స్విచ్ వేసింది ఈ గరీబే. కళ్లారా చూశావు. అంతేనా?” జడ్జి అడిగాడు.

ముందు బెంచీలో యజమాని హాజీ జగ్లూల్ జపమాల తిప్పుతున్నాడు. ఈ ఒక్క మాట చెబితే రోజుకూలి రెండొందల పౌండ్ల నుంచి మూడొందలు, పైగా మేస్త్రీ పని ఇస్తానని మాటిచ్చాడు.

“అంతేనయ్యా.”

“ఒరే మెత్వల్లీ,” ఇనుప బోనులోంచి గరీబ్ పిలిచాడు. “ఆ పూట నమాజుకి కాళ్లు కడుక్కుంటుంటే నా మడమల పగుళ్లు చూసి ఏమన్నావురా? వీటినీ పీపాలో వెయ్యి, మెత్తబడతాయి అన్లా? దేవుడి ముందు నిలబడ్డోణ్ణి స్విచ్ దగ్గరికెట్టా పంపావురా?”

కోర్టులో ఎవరో నవ్వారు. షాఫీ భార్య అజీజా నవ్వలేదు. మెత్వల్లీ వైపే చూస్తోంది.

మొన్నటిదాకా అందరూ నమాజుకి వీధి చివర మసీదుకి వెళ్లేవాళ్లు. పావుగంట వృథా అని హాజీ పీపా పక్కనే చాపలు పరిపించాడు. అప్పట్నుంచి నమాజువాళ్ల చెప్పులూ అక్కడే. ఆ రోజు పది జతలున్నాయి. అందులో షాఫీవి ఏవో ఎవరు చూశారు? చెప్పులే లేవంటే హాజీ చాపల సంగతి బయటికి రాదు.

“చెప్పులు లేవు, వేసింది గరీబ్. రాసుకో,” అన్నాడు జడ్జి గుమాస్తాతో.

“రాయొద్దయ్యా,” అన్నాడు మెత్వల్లీ. “చెప్పులున్నాయి. అన్నీ నమాజువాళ్లవే అనుకున్నాను.”

“ప్రమాణం చేసి అబద్ధమాడానంటున్నావు. జైలుకి పోతావు, తెలుసా?”

“తెలుసయ్యా.”

“మరి స్విచ్ వేసిందెవరు?”

మెత్వల్లీ అజీజా వైపు తిరిగాడు.

“నేనమ్మా. సరుకు ఆగిపోతోంది, తిప్పరా అని గదిలోంచి అరిచింది మా హాజీ జగ్లూల్. స్విచ్ వేసిన చెయ్యి నాది.”