పెండ్లికూతురి తరపు మనిషి

ఏడో మంచం మీది దుప్పటి తీసేసరికి కింద పరిచిన రబ్బరు గుడ్డ కూడా తడిసి ఉంది. అన్నమ్మాళ్ రెండింటినీ చుట్టి బకెట్లో వేసింది. మంచంలోని ముసలామెను తన భుజానికి ఆనించుకుని వీపు తుడిచింది. పుదుచ్చేరి సముద్రపు ఒడ్డుకు రెండు వీధుల ఇవతల, కన్యస్త్రీల మఠం వాళ్ళు నడిపే వృద్ధాశ్రమం అది. పన్నెండు మంచాలు, పన్నెండుమంది ఆడవాళ్ళు. రెడ్డియార్‌పాళయంలో ఆరున్నర బస్సెక్కి వచ్చి, పది గంటలలోపు అన్ని పడకలూ మార్చాలి. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని అదే.

ఆమెకు యాభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. సబ్బు నీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి. ఎడమ మోకాలు వంచినప్పుడల్లా టక్కుమంటుంది. వీధిలో ఎదురైతే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు.

ఆ రోజు సాయంత్రం ఐదున్నరకు, వీధి చివరి చర్చిలో, బిషప్‌గారు ఆమె తలమీద చేతులుంచి ఆమెను దేవునికి ప్రతిష్ఠించబోతున్నారు. మఠంలో చేరకుండా, ఇంట్లోనే ఉంటూ, తమ పని తాము చేసుకుంటూ, జన్మంతా దేవునికే అంకితమై బతికే స్త్రీలకు చేసే పూజ అది.

పంతొమ్మిదో ఏట ఆమె మఠం తలుపు తట్టింది. అప్పటి మదర్ మంచిగానే మాట్లాడింది. "మీ నాన్న పక్షవాతంతో మంచంలో ఉన్నాడు కదమ్మా. ముందు ఆయన్ని చూసుకో" అని పంపేసింది. నాన్న పద్నాలుగేళ్ళు మంచంలోనే బతికాడు. ఆయన పోయేనాటికి మఠంలో చేర్చుకునే వయసు దాటిపోయింది.

మఠం తీసుకోకపోయినా అన్నమ్మాళ్ తాను దేవునికిచ్చిన మాట వెనక్కి తీసుకోలేదు. పెండ్లి సంబంధాలు వద్దంది. తెల్లవారుజామున లేచి జపం చేసుకుంది. పక్కన ఎవరైనా చాడీలు మొదలుపెడితే అక్కణ్ణుంచి లేచిపోయింది. వదిన హేమమాలిని సూటిపోటి మాటలన్నప్పుడు పెరట్లోకి వెళ్ళి, కోపం దిగేదాకా గిన్నెలు తోమింది. కొన్ని రోజులు గిన్నెలు చాలేవి కావు. ముప్పై అయిదేళ్ళ ఈ బతుకు ఎవరి కంటా పడలేదు. ఇవాళ అందరి ముందూ పేరు పెట్టి పిలుస్తారు, 'ఇదిగో, ఉన్నాను' అని ఆమె పలకాలి. ఒక్కసారి అలా పిలిపించుకోవాలని ఆమెకు చాలా ఆశ. అలా ఆశపడటం పాపమేమోనని ఫాదర్‌ని అడిగింది కూడా. ఆయన నవ్వి, కాదన్నారు.

"ఏంది అమ్మీ, పొద్దున్నించి నీలో నువ్వే నవ్వుకుంటుండావు?"

తొమ్మిదో మంచం వెళ్ళైయమ్మాళ్. ఏంబలంలో సేద్యం చేసిన ఇంటి మనిషి, ఎనభై ఆరేళ్ళది. ఆశ్రమంలో మిగతా అందరిదీ తమిళం. తెలుగు మాట్లాడేది వీళ్ళిద్దరే. తెలుగు అక్షరం ఇద్దరికీ రాదు. ఇంట్లో విని నేర్చిన మాటే.

"సాయంత్రం పూజ ఉంది కదా అవ్వా. మొన్ననే చెప్తిని."

"పెండ్లి మాదిరంట కదా? పనికొచ్చిన ఆ కొత్త పిల్ల కార్తిక చెప్పె."

"పెండ్లి మాదిరే. ఉంగరం కూడా పెడతారు."

"శరి. మాపిళ్ళ ఏం పని చేస్తాడు?"

"పెండ్లికొడుకా?" అన్నమ్మాళ్ గోడమీది సిలువకేసి చూసింది. "వడ్రంగం" అంది.

"పోనీలే, ఇప్పుడు ఆ పనికి మంచి కూలి. తాగుతాడా?"

"ఒక పెండ్లిలో నీళ్ళనే ద్రాక్షసారాయి చేసి ఊరందరికీ పోసినాడంట."

"అట్లయితే ముందే అదుపులో పెట్టుకో."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఏడో మంచం ఆమె నిద్ర చెడి తమిళంలో తిట్టింది.

"నీ తరపున ఎవురొస్తారు?" అని అడిగింది వెళ్ళైయమ్మాళ్.

"మా అన్నకు డ్యూటీ. వదిన రానంది."

"పెండ్లికూతురి తరపు మనిషి లేకుండా పెండ్లి యాడన్నా ఉందా? నేనొస్తా. చక్రాల కుర్చీలో తోసుకోని పో. ముందు నాకు జడెయ్యి."

మధ్యాహ్నం వరకూ పని తెమల్లేదు. మేడమీద దుప్పట్లు ఆరేసింది. నాలుగో మంచానికి గంజి తాగించింది. నాలుగు గంటలకు సిస్టర్లూ పనివాళ్ళూ చర్చిలో పూలు కట్టడానికి వెళ్ళిపోయారు. అయిదింటికి కార్తిక తిరిగొచ్చి ముసలివాళ్ళ దగ్గర కూర్చుంటుంది. అప్పుడు అన్నమ్మాళ్ అవ్వను తోసుకుని బయల్దేరాలి. ఆమె స్నానం చేసి తెల్ల నూలు చీర కట్టుకుంది. వెళ్ళైయమ్మాళ్ వెనక కూర్చుని, పల్చటి జుట్టు విప్పి, చిక్కు తీసి, మూడు పాయలు చేసింది.

"గట్టిగా లాగొద్దు అమ్మీ. ఉండేవే నాలుగు."

"లాగలేదు అవ్వా."

"మా అమ్మ గూడా ఇట్లనే, మెత్తగా..."

జడ సగానికి వచ్చేసరికి తల వెనక్కి బరువుగా వాలింది. నిద్ర పోయిందనుకుని అన్నమ్మాళ్ ఇంకో రెండు మెలికలు అల్లింది. తర్వాత చేతులు ఆపింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చాలాసేపు అలాగే పెట్టి ఉంచింది.

అయిదింటికి కార్తిక వచ్చింది. ఉద్యోగంలో చేరి రెండు నెలలైన పిల్ల. సంగతి తెలియగానే గోడకు ఆనుకుంది. "నేనుంటాను, మీరు వెళ్ళండక్కా" అంది తమిళంలో. "ముప్పై అయిదేళ్ళు ఆగారు. బిషప్‌గారు మళ్ళీ ఎప్పుడొస్తారో."

"శవానికి స్నానం చేయించడం నీకు తెలుసా?"

కార్తిక తల అడ్డంగా ఊపింది.

"ఒళ్ళు వెచ్చగా ఉండగానే చెయ్యాలి. ఈమె నా తరపు మనిషి. వదిలేసి నేను పోలేను. అన్నమ్మాళ్ పనిలో ఉందని ఫాదర్‌తో చెప్పు."

కార్తిక వెళ్ళిపోయాక అన్నమ్మాళ్ బకెట్‌ను కొళాయి కింద పెట్టింది. బకెట్ నిండేదాకా ఏడ్చింది. నిండాక కొళాయి కట్టేసి, కొంగు బిగించింది. కొత్త చీర తడుస్తుందన్న ఆలోచన రాలేదు. ముఖం తుడిచింది. చంకలు, వేళ్ళ సందులు, పగిలిన మడమలు తుడిచింది. అవ్వ రోజూ పెట్టుకునే సన్నని ఎర్రనామాన్ని నుదుట దిద్దింది.

అప్పుడే చర్చి గంట మోగింది. ఐదున్నర. అక్కడ తన పేరు పిలిచే వేళ. అన్నమ్మాళ్ తడి తువ్వాలు చేత్తో పట్టుకునే నిటారుగా నిలబడింది.

"ఇదో, ఉండాను" అంది. ఇంటి మాటలో, హాలంతా వినబడేలా. ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదివరకు అక్కడెవరూ వినలేదు.

"ఎవరు పిలిచారు?" అని, భాష తెలియకపోయినా పలికిన తీరు పట్టి, తమిళంలో అడిగింది నాలుగో మంచం.

"ఎవరో పిలిచుంటారు. నువ్వూ పలుకు" అంది ఏడో మంచం. తనూ చెయ్యెత్తి, "నేనూ ఉన్నాను" అంది.

"నేనూ" అంది పదో మంచం. ఒక్కొక్కరే పలికారు. చెవుడున్న రెండో మంచం ఆమె అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా పలికింది. అన్నమ్మాళ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పంతొమ్మిదో ఏట మఠం తలుపు తట్టిన పిల్ల ఇప్పటికి లోపలికి వచ్చినట్టు ఆమె గుండె నిండిపోయింది. కూర్చుని, మిగిలిన సగం జడ పూర్తిగా అల్లి, చివర ముడి వేసింది.

కబురందుకుని ఏడు గంటలకు ఏంబలం నుంచి అవ్వ మనవడు విజయరంగన్ వ్యానులో వచ్చాడు. అవ్వ ముఖాన్ని కాసేపు చూసి, "జడ ఎంత బాగా వేసినారు" అన్నాడు.

"పెండ్లికి పోవాలని వేయించుకుండె."

"ఎవురి పెండ్లి?"

"నాదే" అంది అన్నమ్మాళ్.

అతను తడిసిన తెల్ల చీరకేసి, ఆమె ముఖంకేసి చూశాడు. చేతులు జోడించాడు. అవ్వను వ్యానులో పడుకోబెట్టి, ఆమె బట్టల పెట్టె, చెప్పులు, శాలువా కూడా పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఖాళీ అయిన తొమ్మిదో మంచం పక్క కిటికీ గట్టు మీద చెక్క దువ్వెన ఉండిపోయింది. దాని పళ్ళలో చిక్కుకున్న నాలుగు తెల్ల వెంట్రుకలు సముద్రపు గాలికి మెల్లగా కదులుతున్నాయి.