పేరంటాలు కొట్టిన సొట్ట

నేను ఒక తవ్వను. ఇత్తడి తవ్వను. రెండు సోలలు పోస్తే నిండుతాను, నాలాంటివాళ్లిద్దరు కలిస్తే మానిక. వీధిబడిలో పిల్లలు ఈ లెక్కనే గొంతెత్తి వల్లించేవారు గనక, పలకా బలపం పట్టిన ప్రతివాడికీ నా పేరు తెలుసు. అసలు కథకు ముందు ఒక్క మాట చెప్పుకోనివ్వండి. నా జన్మలో ఒక్క గింజ తక్కువ కొలిచిన పాపాన పోలేదు. నన్ను చూస్తే తక్కెళ్లు సిగ్గుతో తల దించుకునేవి.

నన్ను చేసిన కంచరి అప్పలాచారి. ఆయన సుత్తి దెబ్బలకు మూడు ఊళ్ల కోళ్లు మిట్టమధ్యాహ్నం తెల్లారిందనుకుని కూశాయట. నేను విన్నాను, ఇప్పుడు మీరూ విన్నారు, ఇక సాక్ష్యానికేం లోటు? అక్కడినుంచి వెంకాయమ్మ సారెతో పాటు కావిడెక్కి, కాలువ పక్కనున్న సాలీల వీధికి వచ్చాను. ఆ వీధిలో అన్నీ నేతగాళ్ల ఇళ్లే. ప్రతి ఇంట్లోనూ నేలలో గుంట, గుంట మీద మగ్గం. మనిషి ఆ గుంటలో కాళ్లు పెట్టుకు కూచుని నేస్తాడు. వెంకాయమ్మ పెనిమిటి అలాగే నేసి నేసి వెళ్లిపోయాడు. ఆయన తరవాత కొడుకు గన్నెయ్య ఆ గుంటలోకి దిగాడు. గన్నెయ్య పెళ్లాం పేరంటాలు. వాళ్లకు ఇద్దరు పిల్లలు.

బియ్యం కొలిచే హక్కు మాత్రం వెంకాయమ్మదే. పొద్దున్నే బస్తా ముందు కూచుని, నన్ను బియ్యంలోకి ముంచి పైకి లేపేది. మొదటి తవ్వను ఒకటి అనేది కాదు, "లాభం" అనేది. తరవాతిది "రెండు". కొలతను లాభంతో మొదలుపెడితే ఇంట్లో తరుగుండదని వాళ్ల నమ్మకం. అంచుకు సమంగా తలకొట్టి కొలవడం ఆవిడకు నామోషీ. నా నెత్తిన బియ్యం శిగలా నిలబడాల్సిందే. పని అయ్యాక నన్ను ఖాళీగా బోర్లించనిచ్చేది కాదు, నాలుగు గింజలైనా అడుగున ఉంచేది.

ఇక పేరంటాలు సంగతి. ఇంత పొదుపు మనిషిని నేను చూడలేదు, నన్ను కరిగించి మళ్లీ పోతపోసినా చూడబోను. చింతపండు పిసికితే పులుసు పిల్లలకు, పిప్పి నాకు. ఆ పిప్పితో తోమితే నేను కొత్త పెళ్లికొడుకులా మెరిసేవాణ్ణి. నూనె జాడీ ఖాళీ అయితే అందులో వేడి అన్నం వేసి, జాడీ గోడలన్నీ తుడిచి, ముద్దలు చేసి పెట్టేది. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ చిరిగితే వత్తి. ఆ వత్తి వెలుగులో కూచుని ఇంకో చీరకు మాసిక వేసేది. గంజి ఒక్క బొట్టు నేల పాలయ్యేది కాదు. సగం పడుగు నూలుకు పట్టించేవారు, సగం ఉప్పేసుకుని మనుషులు తాగేవారు. ఆ ఇంట్లో గుడ్డకూ మనిషికీ ఒకటే తిండి.

ఇలా ఉండగా ఒక ఏడు వాన పట్టుకుంది. ఎలాంటి వానంటారు? గొడుగులకు జలుబు చేసి తుమ్మిన వాన. మగ్గం గుంటల్లోకి నీళ్లు ఊరాయి. గన్నెయ్య కాళ్లు పెట్టే చోట కప్పలు కాపురం పెట్టాయి. గుంట ఆరితే తప్ప నేత లేదు, నేత లేకపోతే కూలి లేదు. ఇంట్లో ఉన్నది ఒక్క బస్తా బియ్యం, అదీ సగానికి దిగింది.

సరిగ్గా అప్పుడే కలప బేరగాడు వీధిలోకి దిగాడు. మగ్గాల టేకు చెక్కకు గిరాకీ ఉందిట. ఎదురు వరసలో రెండు మగ్గాలు అప్పటికే బండెక్కాయి. వాటి వెనకే మనుషులూ పనులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. గన్నెయ్య మొహమాటపు మనిషి, పొమ్మని అనలేడు. "ఇంట్లో గింజలయిపోయిన నాడు వచ్చి పట్టుకుపో" అనేశాడు. బేరగాడు మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. రెండు రోజులకోసారి గుమ్మంలో గొడుగు దులుపుకుంటూ నిలబడేవాడు.

"ఏమ్మా, ఉన్నాయా గింజలు?"

గింజలు గుంటకన్నా ముందు ఎండిపోతే మగ్గం పోతుందని పేరంటాలుకు తెలిసిపోయింది. అత్తను చూస్తే శిగ తీసి కొలిచే మనిషి కాదు.

"కాస్త తగ్గించి కొలవత్తా" అని ఒకసారి అననే అంది.

"కొలిచే చెయ్యి కుదిస్తే కొంపే కుదించుకుపోద్ది. నోరు ముయ్యి" అంది వెంకాయమ్మ.

పేరంటాలు నోరు మూసుకుంది. చెయ్యి మాత్రం మూసుకోలేదు. అత్త కోవెలకు వెళ్లిన శనివారం నన్ను తీసుకొచ్చి, జన్మలో మొదటిసారి బోర్లించి, అడుగు మీద మడత గుడ్డ వేసి, సన్నికల్లు పొత్రంతో ఒక్కటిచ్చింది. అబ్బ! ఇప్పటికీ మబ్బు పడితే అక్కడ సలుపుతుంది. నా అడుగు లోపలికి ఉబ్బి చీమల పుట్టలా లేచింది. ఆ పుట్ట ఎంత చోటు తిందో అంత బియ్యం నాలో పట్టడం మానేసింది. ఇందాక గింజ తక్కువ కొలవలేదన్నానే, ఆ మాట వాపసు ఇచ్చెయ్యండి. ఆ రోజునుంచి పూటపూటా తక్కువ కొలిచాను, అదీ ఛాతీ విరుచుకుని కొలిచాను.

వెంకాయమ్మ కనిపెట్టలేదు. కొలిచేవాళ్లు లోపలికి చూడరండీ, వాళ్ల కళ్లన్నీ అంచు మీదే. శిగ నిలబడిందా లేదా, అంతే. తగ్గిన అన్నం చోటును పేరంటాలు కాలువ గట్టు పొన్నగంటి కూరతో, దడి మీది బచ్చలితో, గంజితో నింపింది. పిల్లలకు కడుపు నిండింది. గన్నెయ్యకే అనుమానమొచ్చింది.

"ఏంటే, ఈమజ్జిన కూర మరీ కుమ్మరించేత్తన్నావ్?"

"కంచం నిండా కూరెడితే దెబ్బలాడే మొగుణ్ణి నిన్నే చూశాను మావా. తిను."

అసలు తగ్గింది పేరంటాలు కంచంలోనే. అది చూసింది నేనొక్కణ్ణే.

వాన తగ్గలేదు, బస్తా కూడా తగ్గాల్సినంత తగ్గలేదు. ఆ ఘనత ఎవరిదనుకున్నారు? వెంకాయమ్మది! "నా చెయ్యి అలాంటిది. లాభం అంటే లాభమే" అని బేరగాడి మొహం మీదే అనేది. వీధంతా పాకింది ఆ మాట. నెత్తిన చేటలు పెట్టుకుని ఆడవాళ్లు ఆ చేతిని చూసి పోవడానికి వచ్చారు.

అక్కడే వచ్చింది చిక్కు. ఒక పొద్దున సైకిలు మీద బియ్యం అమ్మేవాడు వీధిలోకొచ్చాడు. పక్కింటి కొండమ్మకు పిల్లలెక్కువ, గింజలు తక్కువ. ఆవిడ చేట పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"వెంకాయమ్మత్తా, ఆడి తవ్వ నేన్నమ్మను. నీ తవ్వతో, నీ చేత్తో కొలిచి పెట్టు. మా ఇంట్లోనూ తరక్కుండా ఉంటది."

వెంకాయమ్మ మొహం దీపంలా వెలిగింది. నన్ను చంకనెత్తుకుని లేచింది. పేరంటాలు పొయ్యి దగ్గర కొయ్యబారిపోయింది. ఊరుకుంటే కొండమ్మ పిల్లల కంచాల్లో కోత. నోరు విప్పితే అత్త పరువు వీధిలో. అంతటితో పోదు, నా సొట్ట బయటపడితే రేపటినుంచి నిండు కొలత, ఆ తరవాత గుమ్మంలో గొడుగు, బండి మీద మగ్గం.

నన్ను బియ్యంలో ముంచబోతుండగా పేరంటాలు పరుగున వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది.

"ఆగత్తా. ఆ తవ్వ మనింటికే. బయటోళ్లకి కొలవకూడదు."

"ఎందుక్కూడదే?"

పేరంటాలు అత్త చేతిని మెల్లిగా నాలోకి దింపింది. వెంకాయమ్మ వేళ్లు నా అడుగున ఆ పుట్టను తడిమాయి. ఒకసారి తడిమాయి, మళ్లీ తడిమాయి. కొండమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

వెంకాయమ్మ చెయ్యి పైకి తీసి కొండమ్మ వైపు తిరిగింది.

"కోడలు చెప్పింది నిజమేనే కొండమ్మా. మా ఇంటి లాభం గడప దాటకూడదంట, నేనే మర్చిపోయాను. పోయి మీ తవ్వే పట్రా. కొలిచేది నేనే."

కొండమ్మ తవ్వతోనే, శిగ నిలబెట్టి మరీ కొలిచింది. లోపలికొచ్చాక నన్ను ఒళ్లో పెట్టుకుని కూచుంది.

"ఎన్నాళ్లబట్టి?"

"గుంటలో నీళ్లొచ్చినప్పట్నించి."

"మరి నా చెయ్యో?"

"నీ చెయ్యి మంచిదే అత్తా. నువ్వు కొలిచావు గాబట్టే తగ్గిందని ఎవరికీ అనిపించలేదు."

పొగడ్తో, దెప్పిపొడుపో ముసలావిడకు తేలలేదు. నాకూ తేలలేదు.

మర్నాడు పొద్దున్న బస్తా ముందు కూచుంది. నన్ను కంచరి దగ్గరికి పంపుతుందనుకున్నాను. పంపలేదు. నన్నే ముంచి లేపింది. "లాభం" అంది. నా నెత్తిన నిలబడ్డ శిగను కాసేపు చూసి, అరచేత్తో మెల్లిగా బస్తాలోకి తోసేసింది. పేరంటాలు నోరు తెరుచుకుని చూస్తోంది.

"చూస్తావేంటే? కొట్టేదేదో సరిగ్గా మజ్జిన కొట్టొద్దూ? ఓ పక్కకి ఒరిగిపోయింది. అదీ రాదు మీ పుట్టింటోళ్లకి" అంది వెంకాయమ్మ. తరవాత తన కంచంలో అన్నం సగం తీసి కోడలి కంచంలో వేసింది. వద్దంటే ఊరుకోలేదు.

బేరగాడు మళ్లీ వచ్చాడు.

"ఉన్నాయా గింజలు?"

"ఉన్నాయి నాయనా. పాపం తిరిగి తిరిగి చిక్కిపోయావు. ఓ పిడికెడు నువ్వే పట్టుకెళ్లు" అంది వెంకాయమ్మ.

బేరగాడు గొడుగు విప్పుకుని వెళ్లినవాడు మరి రాలేదు. అతను వీధి మలుపు తిరగగానే వాన ఆగింది, ఫెళ్లున ఎండ కాసింది, గుంట ఆరింది, గన్నెయ్య మగ్గమెక్కాడు. ఇప్పుడు వాళ్ల ఇంట్లో తూకాలొచ్చాయి, నేను గూట్లో అగ్గిపెట్టెలు మోస్తున్నాను. సొట్ట ఇంకా ఉంది, కావాలంటే వేలు పెట్టి చూడండి.

ఇందులో నేను కల్పించినది ఏదని అడుగుతారు. కోళ్లనూ గొడుగుల తుమ్ములనూ మీరెలాగూ నమ్మలేదు, వాటి సంగతి వదిలేయండి. నేను కల్పించింది ఆ ఎండ. బేరగాడు మలుపు తిరిగాక ఎండా లేదు, గిండా లేదు. వాన ఇంకా చాలా రోజులు కురిసింది. ముసలావిడా కోడలూ రోజూ శిగ లేని సొట్ట తవ్వ కొలుచుకుంటూ, ఒకరి కంచంలోకి ఒకరు తోసుకుంటూ, ఆ వాననంతా దాటించారు. గుంట ఆరేసరికి బస్తాలో ఇంకా గింజలున్నాయి. నిజం చెబితే నమ్మరేమోనని మధ్యలో కాస్త ఎండ కలిపాను.