ఏలీము పచ్చళ్ళు

పద్మారావు నగర్‌లో లాయరు హరికిషన్ ఆఫీసు రెండో అంతస్తు. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే జకర్యా చేతిలో కాగితం పెట్టాడు హరికిషన్.

"జెర సదువుండ్రి సార్. సంతకం పెడితే ఇయ్యాలనే పంపిస్త."

లాలాగూడలో జకర్యా పచ్చళ్ళ కొట్టు పేరు ఏలీము. మోషే వెంట ఎడారిలో నడిచి నడిచి సొమ్మసిల్లిన జనం నీళ్ళు తాగి కూర్చున్న చోటది. బాపట్ల దగ్గర పల్లె వదిలొచ్చి, చెయ్యని పని లేకుండా చేసి, చివరికి ఆవకాయ మీద నిలదొక్కుకున్న మనిషికి అంతకంటే మంచి పేరు తోచలేదు. దాన్ని రిజిస్టర్ చేయించాలని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు బన్సీలాల్‌పేట్‌లో పచ్చళ్ళమ్మే సైలస్ అదే పేరుకి ట్రేడ్‌మార్క్ అడిగాడు. అతని ప్యాకెట్లు పెద్ద పెద్ద షాపులకెక్కాయి. అవి బూజు పడితే తిట్టడానికి జనం జకర్యా దగ్గరికొస్తున్నారు. మొన్నొకావిడ ప్యాకెట్టు బల్ల మీద విసిరేసి, "ఏందిది? దేవుని పేరు పెట్టి గిట్లనా అమ్మేది?" అని పోయింది. నాది కాదమ్మా అనేలోపే గుమ్మం దాటింది. ఆ మర్నాడే ప్రిసిల్లా మొగుణ్ణి లాయరు దగ్గరికి లాక్కొచ్చింది.

సైలస్‌కి ఆ పేరు ఇవ్వొద్దంటూ రాసిన ప్రమాణపత్రాన్ని జకర్యా కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఒకచోట ఆగాడు.

"సైలస్ ఈ పేరు పెట్టుకున్న సంగతి నాకు తెలీదనీ, నేను ఒప్పుకోలేదనీ రాశారేందండీ?"

"గదే కదా మన బలం. తెలిసి ఊకున్నరంటే కేసు పల్చబడ్తది."

"తెలుసు కదా మరి."

"తెలుసా?"

"కొట్టు తెరిచేనాడు పిలిచాడు. అన్నా, మీ కొట్టు పేరే పెట్టుకుంటన్నా, దీవించండి అన్నాడు. రిబ్బను నేనే కత్తిరించా. ప్రార్థనా నేనే చేశా."

"ప్రార్థనల ఏమన్నరు?"

"ఈ పేరు ఊరూరా వ్యాపించాలి ప్రభువా, అన్నా."

హరికిషన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "దేవుడు మీ మాట మంచిగనే ఇన్నడు సార్."

"ఆ రోజు బుద్ధి గడ్డి తింది. ఇయ్యాళైనా అన్నం తిననియ్యి" అంది ప్రిసిల్లా. "పెట్టు సంతకం. అక్కడికొచ్చినోళ్ళంతా మన సంఘమోళ్ళే, ఎవరూ నోరు విప్పరు."

"విప్పరు. నిజమే." జకర్యా కాగితం మడవకుండా బల్ల మీద పెట్టాడు. "ప్రమాణం చేసి చెప్పాలి గదే. ప్రార్థన చేసిందీ ఈ నోటితోనే."

"సరే. నీ నీతిలోకి ఆవకాయ నంజుకు తిందాం."

హరికిషన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ముందు పెట్టుకున్నది మీరు. మీ బోర్డు ఎవడూ పీకలేడు సార్. కానీ నిజం రాస్తే ఆయన్ని ఆపుడు కష్టం. ఏండ్లు తిరగాల్సొస్తది."

జకర్యా సంతకం పెట్టకుండానే లేచాడు. మెట్లు దిగి, గోడవార నిలబడి సైలస్‌కి ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, పచ్చడి బూజు పడతా ఉంది. నూనె తగ్గించమాక."

"మీరు దీవించిన వ్యాపారమన్నా! దానికేమీ కాదు. మీ కోసం రోజూ ప్రార్థనలో పెడుతున్నా."

ఫోన్ జేబులో వేసుకుని ఆటో పిలిచాడు జకర్యా. ఇద్దరూ లాలాగూడలో దిగారు. కొట్టు తాళం తియ్యకుండానే పక్కింటి స్టూలు తెచ్చి, ఎక్కి, బోర్డు మేకులు పీకడం మొదలుపెట్టాడు.

ప్రిసిల్లా కాసేపు నడుము మీద చేతులేసుకుని చూసింది.

"ఈసారి ఏ ఊరు పేరు? బైబిల్లో ఇంకా చాలానే ఉన్నాయిగా."

"పేరేం లేదు. పచ్చళ్ళు అని రాయిస్తా, అంతే."

"అదీ ఎవడో తన్నుకుపోతాడు."

"పోలేడంట. సరుకు పేరు ఒక్కడికే రాసివ్వరంట. నువ్వు మెట్లు దిగేటప్పుడు అడిగొచ్చా."

స్టూలు కాళ్ళు ఊగుతున్నాయి. ప్రిసిల్లా వంగి రెండు చేతులా పట్టుకుంది.

"ఆ పక్క మేకు ముందు తియ్యి. నెత్తిన పడిద్ది."